మీ జాంగూ క్లాసు నిలబడాలంటే

అమ్మలూ,

నీ మెసేజ్ రెండుసార్లు చదివాను. లాస్ ఏంజెలెస్‌లో నీకు జాంగూ, అంటే నడుము సన్నగా ఉండే ఆ కొరియన్ డోలు, నేర్పే ఆవిడకి డెబ్బై దాటాయనీ, క్లాసులో నలుగురే మిగిలారనీ, కొరియన్ కాని నువ్వు ఇందులో ఏం చేయగలవనీ అడిగావు. చాలా చేయగలవు. హల్లా హమ్ అనే నాట్యగురువు కొరియా నుంచి హవాయి వెళ్ళి 1950లో హొనొలులులో స్టూడియో పెట్టారు. 1994లో ఆవిడ పోయాక దాన్ని నడిపింది శిష్యురాలు మేరీ జో ఫ్రెష్లీ. ఆవిడ కొరియన్ కాదు, అమెరికన్. ఏళ్ళ తరబడి గురువు పక్కనే ఉండి నేర్చుకున్నారు కాబట్టే నడపగలిగారు.

ముందు నోటితో నేర్చుకో. కూచిపూడి క్లాసులో జతి నోటికి వచ్చాకే కదా నీ కాలు కదిలింది, ఇదీ అంతే. రెండు చేతులూ కలిసి పడితే "దంగ్", ఎడమ వైపు "ఖుంగ్", కుడి వైపు సన్నటి వెదురు పుల్లతో "దక్". గుత్‌గోరి తాళాన్ని "దంగ్ గిదక్ ఖుంగ్ దరరర" అని వంట చేస్తూ కూడా అనుకో. కాగితం మీద రాసుకుంటే లెక్క వస్తుంది గానీ, దెబ్బకి ముందు ఊపిరి ఎక్కడ లేస్తుందో అందులో ఉండదు. కొరియన్ల నాట్యానికీ ఆ ఊపిరే ప్రాణం. నీకు అరమండిలో పాదం గట్టిగా తట్టే అలవాటు ఉంది, ఇక్కడ మడమ ముందు ఆని మోకాలు మెత్తగా లేవాలి. కొన్ని నెలలు విసుగొస్తుంది, మానేయకు.

ఇప్పుడు మేం చేసిన తప్పు చెబుతాను, నువ్వు చేయకు. మా గురువుగారి దగ్గర పదకొండేళ్ళు నేర్చుకున్నాం, స్టేజీ ప్రోగ్రాములన్నీ వీడియో తీశాం, లైట్లు, హన్‌బోక్‌లు (కొరియన్ల సంప్రదాయ దుస్తులు), చప్పట్లు అన్నీ ఉన్నాయి. మంగళవారం క్లాసులో ఆవిడ తొడ మీద తాళం వేస్తూ "అలా కాదు, మళ్ళీ" అని మమ్మల్ని దిద్దిన గంటలు మాత్రం ఒక్కటీ లేవు. ఇప్పుడు ఒక చోట దరరర తేలిగ్గా పడాలని ఒకరంటారు, బరువుగా పడాలని ఇంకొకరంటారు, అడగడానికి ఆవిడ లేరు. ఆ బాధ నాకు ఇప్పటికీ పోలేదు. అందుకే మీ టీచరు అనుమతి తీసుకుని మామూలు క్లాసులే రికార్డు చెయ్యి, తిట్లతో సహా.

ఏ వరస ఏ ఊళ్ళో, ఎవరి దగ్గర నేర్చుకున్నారో కూడా అడిగి రాసుకో. నలుగురు కూర్చుని వాయించే సాముల్‌నోరి 1978లో సియోల్‌లో మొదలైంది, దానికి మూలమైన పుంగ్‌ముల్, అంటే పల్లెల్లో డోళ్ళు వాయిస్తూ ఆడే మేళం, చాలా పాతది. కొరియా నైరుతి మూలన ఉన్న ఒక్క హోనమ్ ప్రాంతంలోనే కొండల వైపు పద్ధతి వేరు, పడమటి మైదానాల వైపు వేరు. అమెరికా వచ్చాక అన్నీ కలిపేసి "కొరియన్ డ్రమ్స్" అంటే ఆవిడ మోసుకొచ్చింది మాయమైపోతుంది.

పండగలకి పిలిచేవాళ్ళు ఐదు నిమిషాలు, విసనకర్రల నాట్యం చాలంటారు. ఆ బుచేచుమ్ 1954లో కిమ్ బేక్-బాంగ్ కూర్చినది, అందమైనదే, కాదనను. కానీ ఇంకో ఐదు నిమిషాలు అడిగి తెల్లటి గుడ్డతో నిదానంగా సాగే సల్‌పురి నాట్యం కూడా పెట్టించు, లేకపోతే అది చూసే కళ్ళే కరువవుతాయి.

హాలు అద్దె, ఇంగ్లీషు ఈమెయిళ్ళు, గ్రాంటు ఫారాలు నువ్వు తీసుకో. ఆవిడ ఓపిక అంతా వాటికే పోతోంది. ఎలా నేర్పాలో మాత్రం సలహా ఇవ్వకు. ఫీజు కవరులో పెట్టి రెండు చేతులతో ఇవ్వు, వాయించాక జాంగూ తాళ్ళ మీది తోలు బిళ్ళలు జరిపి బిగువు తగ్గించి గాని ఇంటికి రాకు.

ఈ శనివారం వెళ్ళే ముందు ఫోనులో స్పేస్ ఉందో లేదో చూసుకో, పెళ్ళి వీడియోలు ల్యాప్‌టాప్‌లోకి మార్చు.

నీ పెద్దమ్మ