క్రిస్మస్ సెలవుల్లో గుండె దడ: గుణుపూర్ తమ్ముడికి జవాబు

ప్రశ్న: మాది ఒడిశాలోని గుణుపూర్. సెప్టెంబరులో మాస్టర్స్ చదవడానికి ఇంగ్లండ్ వచ్చాను. డిసెంబరు మొదలైన దగ్గర్నుంచీ గుండె దడగా ఉంటోంది, రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు. రూమ్మేట్లు సెలవులకు వెళ్ళిపోతున్నారు. ఇంట్లో చెబితే కంగారు పడతారు. ఏం చెయ్యమంటారు?

తమ్ముడూ, ఇది నీ ఒక్కడికే వచ్చిన కష్టం కాదు. బరంపురం, పర్లాకిమిడి, రాయగడ, జయపురం వైపు నుంచి వచ్చిన మన పిల్లలు చాలామంది ఈ నెలలోనే డీలా పడతారు. మన ఊళ్ళలో డిసెంబరులో కూడా పగలు దాదాపు 11 గంటలుంటుంది. లండన్‌లో 8 గంటలు కూడా ఉండదు. సాయంత్రం నాలుగు కొట్టకముందే సూర్యుడు అస్తమించేస్తాడు. క్లాసుకీ పార్ట్‌టైముకీ తిరిగి వచ్చేసరికి ఎండ మొహమే చూడవు. దానికి తోడు జనవరి అసైన్‌మెంట్లు, చదువు కోసం తెచ్చిన అప్పు. నిద్ర పట్టకపోవడంలో వింతేముంది?

అసలు కష్టమంతా 25వ తేదీది. మన దగ్గర పండగంటే జనమంతా వీధిలోనే ఉంటారు. గజపతి జిల్లాలో క్రిస్మస్ నాడు చర్చికి వెళ్ళేవాళ్ళను చూసినా మనకూ పండగలాగే ఉంటుంది. ఇక్కడ పండగ ఇళ్ళలోపల జరుగుతుంది. ఆ రోజు రైళ్ళు నడవవు, లండన్‌లో బస్సులు, ట్యూబ్ (భూగర్భ రైలు) కూడా ఉండవు. పెద్ద దుకాణాలు ఆ రోజు తెరవకూడదని ఇంగ్లండ్‌లో 2004 నుంచి చట్టమే ఉంది. ముందుగా ఏర్పాటు చేసుకోనివాడు గదిలో ఒంటరిగా, ఫోన్‌లో అందరి ఫొటోలూ చూస్తూ కూర్చోవాల్సి వస్తుంది.

కాబట్టి 23 లోపే సరుకులు తెచ్చిపెట్టుకో. హాస్టల్‌లో ఎవరెవరు మిగిలారో కనుక్కో. చైనా పిల్లలో నైజీరియా పిల్లలో తప్పకుండా ఉంటారు, వాళ్ళ పరిస్థితీ ఇదే. ఎవరైనా పిలుస్తారేమోనని చూడకు, నువ్వే పిలువు. "25న మధ్యాహ్నం అన్నం మా గదిలో" అంటే చాలు. పప్పు పొయ్యి మీద పెట్టి, అమ్మ సూట్‌కేసులో సర్దిన బరంపురం అప్పడాలు వేయించు. నూనెలో అప్పడం పొంగే చప్పుడుకే పక్క గది వాళ్ళు వచ్చి తలుపు దగ్గర నిలబడతారు. నడిచి వెళ్ళే దూరంలో చర్చి ఉంటే 24 రాత్రి ప్రార్థనకు వెళ్ళు, నీ మతమేమిటని అక్కడ ఎవరూ అడగరు. కొన్ని చర్చిల్లో ఒంటరిగా ఉన్నవాళ్ళకు భోజనం కూడా పెడతారు, ముందే కనుక్కో.

డబ్బు విషయం. చాలా చోట్ల డిసెంబరు జీతం పండగకు ముందే వేసేస్తారు. మళ్ళీ జీతం జనవరి నెలాఖరుకే. చేతిలో డబ్బు ఆడుతున్నట్టే ఉంటుంది గానీ అది ఐదారు వారాలకు సరిపోవాలి. జీతం పడిన రోజే అద్దె, ఫోను, బస్‌పాస్ డబ్బు పక్కన పెట్టు. పనిచేసే చోట సీక్రెట్ శాంటా (పేరు చెప్పకుండా ఒకరికొకరు కానుకలిచ్చుకోవడం) అంటే వాళ్ళు చెప్పిన మొత్తానికి మించి పెట్టకు. "ఇప్పుడు కొను, తరవాత కట్టు" అనే యాప్‌ల జోలికి అస్సలు పోకు.

ఇంట్లో చెప్పకపోవడం మాత్రం నాకు నచ్చలేదు. రోజూ "అంతా బాగుంది" అని నటించడమే సగం బరువు. అమ్మ మార్గశిర లక్ష్మీవారం పూజ చేసుకుంటూ నీ గురించే ఆలోచిస్తూ ఉంటుంది, నీ గొంతులో తేడా ఆమెకు తెలియకపోదు. ఒకేసారి అమ్మానాన్నలతో చెప్పలేకపోతే ముందు అక్కతోనో మావయ్యతోనో చెప్పు. అక్కడ ఇంట్లోవాళ్ళకు దిగులెక్కువైతే 14416కి ఫోన్ చెయ్యమను. 2022లో మొదలైన టెలీ మానస్ అది, మనసు బాగోలేనివాళ్ళ కోసం మన ప్రభుత్వం నడిపే ఫోన్ సేవ. ఖర్చు లేదు, తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడతారు.

దడ వచ్చినప్పుడు నాలుగు అంకెలు లెక్కపెడుతూ గాలి పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదులు. ఐదు నిమిషాలు చెయ్యి. పొద్దున్నే మబ్బుగా ఉన్నా సరే ఓ అరగంట బయట నడువు. మధ్యాహ్నం తరవాత కాఫీ వద్దు. నిద్ర కోసం మద్యం తాగడం మొదలుపెట్టకు, దిగులు దాంతో పెరుగుతుంది.

ఇవన్నీ చేసినా రెండు వారాల్లో తగ్గకపోతే డాక్టరు దగ్గరికి వెళ్ళు. వీసాకు ఇబ్బంది అవుతుందని మన పిల్లలు భయపడతారు. దిగులుకు వైద్యం చేయించుకున్నంత మాత్రాన స్టూడెంట్ వీసా పోదు. వీసాతో పాటు ఏడాదికి 776 పౌండ్లు హెల్త్ సర్‌ఛార్జి కట్టావు కదా, అది ఇలాంటి వైద్యానికే. చచ్చిపోవాలన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా ఆగకు. ఇక్కడి ప్రభుత్వ వైద్య సేవ నంబరు 111కి ఫోన్ చేసి 2 నొక్కు, లేదా కష్టంలో ఉన్నవాళ్ళ మాట వినే సమారిటన్స్ సంస్థ నంబరు 116 123కి చెయ్యి. రెండూ ఉచితమే, క్రిస్మస్ నాడు కూడా రాత్రింబవళ్ళు పనిచేస్తాయి. ప్రాణం మీదికి వస్తే అత్యవసర నంబరు 999. జీపీ (మనం మొదట వెళ్ళే స్థానిక డాక్టరు) దగ్గర పేరు నమోదు చేసుకోకపోతే మాత్రం ఈ వారంలోనే చేసుకో. 25, 26 తేదీల్లో వాళ్ళ క్లినిక్‌లు మూసి ఉంటాయి.