గుడ్డలు లెక్కపెట్టు

చిన్నా,

మామయ్య ఆశీస్సులు. నువ్వు పంపిన వీడియో మీ అమ్మ నిన్న రాత్రి చూపించింది. మంచు మీద నడిచే బండి, స్నోమొబైల్ కొన్నావని తెలిసి ఎంత సంబరపడ్డానో! మన మిలటరీ మాధవరంలో నలుగురికీ చెప్పుకున్నాను. కానీ హుడ్ ఎత్తి లోపల చూపించేసరికి నా గుండె జారిపోయింది. ఇంజిన్ కింద తొట్టిలా ఉండే ఆ ప్లాస్టిక్ ప్యాన్ నిండా నీలం ఆయిలు మడుగు కట్టింది. నువ్వేమో నవ్వుతూ "శనివారం పెట్రోలు కొట్టి కడిగేస్తా" అంటున్నావు.

పెట్రోలు వద్దు నాన్నా. మీ గ్యారేజీ ఇంటికి ఆనుకునే ఉంది. నీళ్లు కాచే గ్యాస్ హీటరు నీ వెనకాలే కనపడుతోంది. పెట్రోలు ఆవిరి గాలి కన్నా బరువు. నేల మీదే పాకుతూ పోయి ఆ మంటను అందుకుంటుంది. బ్రేక్ క్లీనర్ స్ప్రే కూడా ఆ గదిలో వాడొద్దు. ఇంజినీరింగ్ చదివావు, ఈ మాత్రం ఆలోచించవా?

బండిని బయటికి నెట్టు. ఇంజిన్ పూర్తిగా చల్లారనివ్వు, బ్యాటరీ తీగ విప్పెయ్. డ్రైవ్ బెల్టు తీసి దూరంగా పెట్టు, దానికి ఆయిలు అంటితే క్లచ్‌లో జారి కాలిపోతుంది. ప్యాన్‌కి అడుగున బిరడా ఉంటే కింద పళ్లెం పెట్టి తియ్యి. మిగిలినదాని మీద రంపపు పొట్టు గానీ, పెంపుడు పిల్లులు దొడ్డికి పోవడానికి వేసే మట్టి గానీ చల్లి, పీల్చుకున్నాక ఎత్తెయ్. ఆ తర్వాతే గుడ్డలు.

ఇక్కడ ఆగి నా మాట విను. ఇది మీ అమ్మకు కూడా నేనెప్పుడూ చెప్పలేదు.

1984లో మనవాళ్లు సియాచిన్ ఎక్కినప్పుడు నేను ఇంటర్ చదువుతున్నాను. తర్వాత సైన్యంలో చేరి, సైన్యం బండ్లు, యంత్రాలు బాగుచేసే ఈఎంఈ విభాగం వాళ్ల సికింద్రాబాద్ సెంటర్లో పని నేర్చుకుని, నేనూ అక్కడికి వెళ్లాను. పై పోస్టులకు కిరోసిన్ జెరీకేన్లు స్లెడ్జి మీద కట్టి స్నో స్కూటర్‌తో లాక్కెళ్లేవాళ్లు. వంటకి, వెచ్చదనానికి, తాగే నీళ్లకి మంచు కరిగించడానికి, అన్నిటికీ కిరోసినే. ఒకరోజు సాయంత్రం ఒక స్కూటర్‌కి ఆయిల్ పైపు ఊడి, లోపలంతా నీ బండిలాగే అయింది. చీకటి పడుతోంది, చేతులు మొద్దుబారాయి. పైపు బిగించేటప్పుడు చుక్కలు కారకుండా సైలెన్సర్ పక్కన ఒక ముద్ద కాటన్ వేస్ట్, అదే ఆయిలు తుడిచే నూలు పీచు, కుక్కాను. పని అయింది. అద్దంలా తుడిచాను. ఆ ముద్ద మాత్రం తియ్యలేదు.

పొద్దున కుమావూ రెజిమెంటు కుర్రాడొకడు ఆ బండి తీశాడు. నాకన్నా ఏడాది చిన్న. కొంత దూరం పోగానే హుడ్ కింద నుంచి పొగ. వెనకాల స్లెడ్జి నిండా కిరోసిన్. వాడు ముందు స్లెడ్జిని విడదీయాలనుకున్నాడు, మంచి బుద్ధి. కానీ ఆ మందపాటి గ్లోవ్స్‌తో పిన్ను ఊడి రాలేదు. గ్లోవ్స్ తీసేసి వట్టి చేత్తో లాగాడు. ఆ చలిలో ఇనుము చర్మాన్ని పట్టేస్తుంది. స్లెడ్జి విడిపోయింది, మంచు ఎత్తిపోసి మంట ఆర్పాడు. కుడిచేతి రెండు వేళ్ల కొసలు పోయాయి.

అందరూ వైరు షార్ట్ అయిందన్నారు. బండి చూడమని నన్నే పంపారు. సైలెన్సర్ పక్కన నల్లగా కాలిన దూది కనపడింది. జేబులో వేసుకున్నాను. పగలంతా నోరు పెగల్లేదు. చివరికి వాడి దగ్గర కూర్చుని నిజం చెప్పాను. వాడు చాలాసేపు మాట్లాడలేదు. చేతికట్టు విప్పి మళ్లీ పనిలోకి వచ్చాక, నేను ఏ బండి కింద దూరినా వచ్చి పక్కన నిలబడేవాడు. లోపలికి పోయిన గుడ్డలు బయటికొచ్చేటప్పుడు గట్టిగా లెక్కపెట్టేవాడు. ఏక్, దో, తీన్. ఆ గొంతు నాకిప్పటికీ వినపడుతుంది రా.

అందుకని ఆరు గుడ్డలు తెల్లనివి తీసుకో. ఇంజిన్ కింది చీకట్లో నల్లగుడ్డ కనపడదు. ఆరూ లెక్కపెట్టి లోపలికి, ఆరూ లెక్కపెట్టి బయటికి. హుడ్‌కి లోపలి వైపు అతికించిన స్పాంజి షీటు ఆయిలు పీల్చి ఉంటే, అది కూడా గుడ్డ కిందే లెక్క. పిండితే కారుతుంటే మార్చెయ్.

చివర గిన్నెలు తోమే లిక్విడ్ కలిపిన గోరువెచ్చని నీళ్లతో తుడిచి, బాగా ఆరనివ్వు. ప్రెషర్ వాషర్ వద్దు, నీళ్లు వైర్లలోకి, బేరింగుల్లోకి పోతాయి. మీ మిన్నెసోటా చలికి యాక్సిలరేటర్ కేబుల్లో చుక్క నీరు గడ్డకట్టినా బండి ఆగమన్నా ఆగదు.

వీడియోలో ఒక మూల పచ్చగా మెరిసింది కూడా. అది ఇంజిన్‌ని చల్లబరిచే కూలెంట్ అయితే తియ్యగా ఉంటుంది, కుక్క నాకిందంటే ప్రాణం పోతుంది. మీ కుక్కని ఆ పూట ఇంట్లో కట్టెయ్. పోగుచేసిన ఆయిలు, కూలెంట్ కాలువలో పొయ్యకు. విడివిడిగా డబ్బాల్లో పట్టి మీ కౌంటీ వాళ్లు తీసుకునే చోట ఇచ్చిరా.

ఆయిల్ ట్యాంకు ఖాళీ అయి ఉంటే పైపులో గాలి చేరుతుంది. ఆ గాలి తియ్యకుండా స్టార్ట్ చేస్తే ఇంజిన్ పట్టేస్తుంది. గాలి తీశాక కూడా నా తృప్తికోసం మొదటి ట్యాంకులో లీటరు పెట్రోలుకి 20 మిల్లీలీటర్ల ఆయిలు కలుపు. పొగ ఎక్కువొస్తుంది, రానీ.

శనివారం సాయంత్రం పనైపోగానే ఫోన్ చెయ్. ఇక్కడ ఆదివారం తెల్లవారుజాము అవుతుంది, నేను లేచే ఉంటాను. హుడ్ మూసే ముందు చెయ్ నాన్నా. ఆరు గుడ్డలూ నేల మీద వరసగా పరిచి నాకు చూపించు.

మీ మామయ్య