హెపటైటిస్ సి యాంటీబాడీ పాజిటివ్ వచ్చింది, బాధలేమీ లేవు: ఇంకో పరీక్ష అవసరమా?

శుక్లాల ఆపరేషన్‌కు ముందు చేసిన రక్తపరీక్షలో మీ అమ్మగారికి హెపటైటిస్ సి యాంటీబాడీ పాజిటివ్ అని వచ్చిందని, ఆవిడకు ఏ బాధా లేదని, లివర్ ఎంజైములు కూడా మామూలుగానే ఉన్నాయని రాశారు. అలాంటప్పుడు డాక్టరు రాసిన ఆర్‌ఎన్‌ఏ పరీక్ష (రక్తంలో వైరస్ ఇప్పుడు ఉందో లేదో చూసేది) నిజంగా అవసరమా, ఆవిడ కంచం, గ్లాసు వేరుగా పెట్టాలా అని అడిగారు. పరీక్ష తప్పకుండా చేయించండి. కంచం, గ్లాసు మాత్రం వేరు చేయకండి. నేను వైద్యుణ్ణి కాను, కాలేయాన్ని దెబ్బతీసే ఈ వైరస్‌తో ఏళ్ల తరబడి బతికి చివరకు మందులతో దాన్ని వదిలించుకున్న రోగిని. 'బాధ ఏమీ లేదు కదా' అన్న మాట నేనూ ఒకప్పుడు అనుకున్నదే. ఆ మాట పట్టుకుని నేను నాలుగేళ్లు పోగొట్టుకున్నాను.

2008లో రక్తదానం చేసినప్పుడు నాకు ఈ సంగతి మొదటిసారి తెలిసింది. అప్పుడు చూపించుకున్న క్లినిక్‌లో ఎంజైములు మాత్రమే పరీక్షించి, అవి హద్దుల్లోనే ఉన్నాయి కాబట్టి భయం లేదన్నారు. నేనూ నిశ్చింతగా ఉండిపోయాను. 2012లో ఎంత నిద్రపోయినా తీరని అలసటతో మరొక వైద్యుని దగ్గరకు వెళ్తే, ఆయన రక్తంలో వైరస్ ఎంతుందో చూసే వైరల్ లోడ్ పరీక్ష, ఆ తర్వాత కాలేయం నుంచి చిన్న ముక్క తీసి చూసే బయాప్సీ చేయించారు. రక్తంలో వైరస్ ఉంది, కాలేయం అప్పటికే చాలావరకు మచ్చకట్టి గట్టిపడింది. ఈ వ్యాధిలో ఎంజైములు పెరుగుతూ తగ్గుతూ ఉంటాయని, ఒక రోజు మామూలుగా కనిపించినంత మాత్రాన లోపల నష్టం జరగడం లేదని అనుకోకూడదని నాకు అప్పుడే అర్థమైంది.

యాంటీబాడీ అంటే వైరస్ ఒకప్పుడు ఒంట్లోకి వచ్చిందనడానికి మిగిలిన గుర్తు మాత్రమే. సోకిన వారిలో సుమారు 30 శాతం మందికి ఆరు నెలల్లోపు ఏ మందూ లేకుండానే వైరస్ పోతుంది, యాంటీబాడీ మాత్రం మిగిలిపోతుంది. మిగతా 70 శాతం మందిలో అది దీర్ఘకాలిక వ్యాధిగా స్థిరపడుతుంది. మీ అమ్మగారు ఈ రెంటిలో ఏ కోవకు చెందుతారో చెప్పగలిగేది ఆర్‌ఎన్‌ఏ పరీక్ష ఒక్కటే. దీర్ఘకాలిక వ్యాధి ఉన్నవారిలో 20 ఏళ్లలో సిర్రోసిస్ (కాలేయం మచ్చకట్టి గట్టిపడిపోవడం) వచ్చే అవకాశం 15 నుంచి 30 శాతం వరకు ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. పొట్టలో నీరు చేరడం, రక్తపు వాంతులు, కాలేయ క్యాన్సర్ వంటివి ఆ తర్వాతి దశలో వస్తాయి. కొందరిలో ఈ వైరస్ మూత్రపిండాలను, రక్తనాళాలను కూడా దెబ్బతీస్తుంది.

ఎలా వచ్చిందని ఆవిడను నిలదీయకండి. నాకు చిన్నప్పుడు ఒక ఆపరేషన్‌లో రక్తం ఎక్కించారు. ఈ వైరస్‌ను 1989లో గుర్తించే వరకు, ఎక్కించే రక్తంలో అది ఉందో లేదో చూసే పరీక్షే లేదు. దాన్ని కనిపెట్టడంలో ప్రధాన పాత్ర వహించిన హార్వే ఆల్టర్, మైఖేల్ హౌటన్, చార్లెస్ రైస్‌లకు 2020లో వైద్యశాస్త్ర నోబెల్ బహుమతి వచ్చింది. ఆ వార్త చదివినప్పుడు నాకు కళ్లు చెమర్చాయి. ఈజిప్టులో గత శతాబ్దంలో ఒక పరాన్నజీవి వ్యాధిని అరికట్టడానికి ఊరూరా ఇచ్చిన ఇంజెక్షన్లే, సూదులను సరిగా శుద్ధి చేయకపోవడం వల్ల, ఈ వైరస్‌ను లక్షల మందికి చేర్చాయి. అదే దేశం 2018, 2019 సంవత్సరాల్లో కోట్ల మందికి పరీక్షలు చేసి, వైరస్ ఉన్నవారికి చికిత్స అందించింది. ఇది రక్తం ద్వారా వ్యాపించే వైరస్. కలిసి తినడం వల్ల, కౌగిలించుకోవడం వల్ల, ఒకే గ్లాసుతో నీళ్లు తాగడం వల్ల రాదు. రక్తం అంటుకునే అవకాశమున్న రేజరు, టూత్ బ్రష్, గోళ్ల కత్తెర వేరుగా ఉంచితే చాలు. నా గ్లాసు వేరుగా పెట్టిన రోజులు ఆ జబ్బు కంటే ఎక్కువగా గుర్తున్నాయి, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

చికిత్స సంగతికి వస్తే, 2013లో నేను తీసుకున్నది 48 వారాల ఇంటర్‌ఫెరాన్ ఇంజెక్షన్లు, రిబావిరిన్ మాత్రలు. జ్వరం, రక్తహీనత, అకారణమైన దిగులు అన్నీ భరించాను, మందు ఆపిన కొద్ది నెలలకే వైరస్ తిరిగి వచ్చింది. 2017లో సోఫోస్‌బువిర్, వెల్పటాస్విర్ కలిసిన మాత్ర రోజుకొకటి చొప్పున 12 వారాలు వేసుకున్నాను. కొంచెం తలనొప్పి తప్ప మరేమీ లేదు. మందు ఆపిన 12 వారాలకు చేసిన పరీక్షలో వైరస్ కనిపించలేదు, వైద్యులు దాన్నే నయమైనట్టు లెక్కిస్తారు. ఈ తరం మందులతో 95 శాతానికి పైగా రోగులకు నయమవుతుంది. అయితే మొదలుపెట్టే ముందు హెపటైటిస్ బి పరీక్ష తప్పకుండా చేయించండి, ఎందుకంటే అది కూడా ఉన్నవారిలో సి తగ్గుతున్నప్పుడు బి విజృంభించే ప్రమాదం ఉంది. ఆవిడ వేసుకునే మాత్రలన్నీ డాక్టరుకు చూపించండి. నేను ఎసిడిటీకి వాడుతున్న మాత్రను, అది వెల్పటాస్విర్‌ను ఒంటికి సరిగా పట్టనివ్వదని, నా డాక్టరు ముందే మాన్పించారు. గుండె లయకు వాడే అమియోడరోన్ అయితే సోఫోస్‌బువిర్‌తో కలిస్తే ప్రమాదకరం.

నయమైన తర్వాత కూడా యాంటీబాడీ పాజిటివ్‌గానే వస్తుంది. నాకు ఇప్పటికీ అలాగే వస్తుంది, దాన్ని చూసి కంగారుపడకండి. ఆ యాంటీబాడీ మళ్లీ సోకకుండా మాత్రం కాపాడదు, ఈ వ్యాధికి టీకా కూడా ఇంకా లేదు. నాకు సిర్రోసిస్ మిగిలిపోయింది కాబట్టి ఆరు నెలలకొకసారి అల్ట్రాసౌండ్ చేయించుకుంటున్నాను. ఆర్‌ఎన్‌ఏ పాజిటివ్ వస్తే మీ అమ్మగారికి కాలేయం ఎంత గట్టిపడిందో కొలిచే ఫైబ్రోస్కాన్ చేయించండి. ఆమె కాలేయం ఇంకా గట్టిపడకపోతే నాలా ఆరు నెలలకొకసారి స్కానింగ్ అవసరం రాకపోవచ్చు. మరొక విషయం, వైరస్ ఉన్న తల్లి నుంచి బిడ్డకు పుట్టుకతో సోకే అవకాశం సుమారు 5 శాతం ఉంటుంది. అందువల్ల ఆవిడ ఫలితం పాజిటివ్ వస్తే మీరు, మీ తోబుట్టువులు కూడా ఒకసారి యాంటీబాడీ పరీక్ష చేయించుకోండి.