బడ్జెట్ ఎయిర్‌లైన్ వాళ్లే ఫ్లైట్ క్యాన్సిల్ చేస్తే నాన్ రిఫండబుల్ టికెట్ డబ్బులు వస్తాయా?

వస్తాయి, క్యాన్సిల్ చేసింది ఎయిర్‌లైనే అయితే టికెట్ ఎంత చవకదైనా మొత్తం డబ్బు వెనక్కివ్వాలి, లేదంటే ఇంకో ఫ్లైట్‌లో పంపాలి, ఏది కావాలో చెప్పేది మీరే. నాన్ రిఫండబుల్ అన్నది మీరు ప్రయాణం మానుకుంటేనే వర్తిస్తుంది, విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ రూల్స్‌లో బడ్జెట్ కంపెనీలకి వేరే మినహాయింపేం లేదు.

ముందుగా చెప్పకుండా ఆఖర్లో క్యాన్సిల్ చేస్తే దీనిపైన పరిహారం కూడా ఉంది. ఉదాహరణకి ఓర్వకల్లు (కర్నూలు ఎయిర్‌పోర్ట్) నుంచి బెంగళూరుకి ఒకవైపు బేసిక్ ఫేర్, ఫ్యూయల్ ఛార్జ్ కలిపి 2,200 రూపాయలు అనుకుందాం, కౌంటర్ దగ్గరికొచ్చాక సిబ్బంది లేరు, ఫ్లైట్ లేదు అన్నారు, అప్పుడు టికెట్ డబ్బు మొత్తం, పరిహారంగా ఇంకో 2,200. చాలామంది 10,000 ఖాయంగా వస్తుందనుకుంటారు గానీ అది ప్రయాణ సమయం రెండు గంటలు దాటిన ఫ్లైట్‌కి గరిష్ఠ పరిమితి మాత్రమే, ఛార్జీ అంతకన్నా తక్కువైతే ఆ తక్కువే ఇస్తారు.

పొగమంచు, తుఫాను లాంటివైతే పరిహారం రాదు, రిఫండ్ మాత్రం వస్తుంది, ఈ రెండూ ఒకటే అనుకుని చాలామంది రిఫండ్ కూడా అడక్కుండా వదిలేస్తున్నారు, అది అన్యాయం. డబ్బు బదులు క్రెడిట్ షెల్‌లో (తర్వాతి టికెట్లకి వాడుకునేలా ఎయిర్‌లైన్ దగ్గరుండే ఖాతాలో) వేస్తాం అన్నా మీరు ఒప్పుకుంటేనే వెయ్యాలి, వద్దని గట్టిగా చెప్పండి.