ఐకాన్ అంటే విగ్రహమేనా?

సందేహం: బైజాంటిన్ (తూర్పు రోమన్ సామ్రాజ్యపు) చర్చిల మీద ఒక వ్యాసం అనువదిస్తున్నాను. “ఇస్తాంబుల్ ఖోరా చర్చి గర్భగుడి పైకప్పులో ఫ్రెస్కో విగ్రహాలున్నాయి” అని రాశాను. ఐకాన్‌కు విగ్రహం, ఫ్రెస్కోకు కుడ్యచిత్రం సరిపోతాయా?

సమాధానం: కుడ్యచిత్రం తప్పు కాదు గానీ చాలదు. విగ్రహం మాత్రం వద్దు.

తెలుగులో విగ్రహం అంటే చెక్కిందో పోతపోసిందో. బైజాంటిన్ ఐకాన్ చాలావరకు క్రీస్తుదో పరిశుద్ధులదో, చెక్కపలక మీదో గోడ మీదో గీసిన బొమ్మ. అంతకన్నా పెద్ద చిక్కు ఇంకోటుంది. తెలుగు బైబిల్ చదివినవారికి విగ్రహం అనగానే విగ్రహారాధన స్ఫురిస్తుంది, అదేమో నిషిద్ధం. 8, 9 శతాబ్దాల్లో ఐకాన్లు కూడదన్న చక్రవర్తుల వాదనా ఇదే: ఇవీ విగ్రహాలేనని. మీ అనువాదం తెలియకుండానే వాళ్ల పక్షాన చేరింది! 787లో నికేయాలో కూడిన క్రైస్తవ మతపెద్దల సభ ఐకాన్‌కు వందనం చెల్లుతుంది, ఆరాధన దేవుడొక్కడికే అని తేల్చింది. ఆ తర్వాతా తగవు రేగి 843లో సద్దుమణిగింది. అందుకే ‘ఐకాన్లను ఆరాధిస్తారు’ అని కూడా రాయకండి. పలక మీదిదైతే పటం అనండి. దేవుడి పటం లేని ఇల్లు మనకు అరుదు, కొత్త మాట పుట్టించక్కర్లేదు.

గోడ మీది బొమ్మ ఏదైనా కుడ్యచిత్రమే. ఫ్రెస్కో ఒక పద్ధతి. సున్నపు పూత తడిగా ఉండగానే నీళ్లలో కలిపిన రంగు వేస్తారు. సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చి గట్టిపడుతూ రంగును తనలో పట్టేసుకుంటుంది. పూత ఆరాక వేసే రంగుకు జిగురు కావాలి, అది ముందు రాలుతుంది. చాలా బైజాంటిన్ చిత్రాల్లో ఆరాక వేసిన నీలం పోయి అడుగు నల్లపూత కనబడేది ఇందుకే. కాబట్టి పద్ధతి చెప్పాల్సినచోట ‘తడిగచ్చు చిత్రం’ అనండి. కుడ్యం అంటే గోడే కదా, కప్పు మీదిదాన్ని అలా అనొచ్చా అంటారేమో. లేపాక్షి మండపాల కప్పు బొమ్మల్నీ అలాగే అంటున్నాం, వాడుక ఒప్పుకుంది.

గర్భగుడిలో మూలమూర్తి ఉంటుంది. చర్చిలో ఆ చోట ఉండేది బలిపీఠం. తెలుగు క్రైస్తవుల ‘పరిశుద్ధ స్థలం’ నయం. పైగా మీరు చెప్పిన చిత్రం ప్రధానాలయంలోది కాదు, సమాధులున్న పక్క ఆలయంలోది.

మీ వాక్యం ఇలా ఉంటే బాగు: “ఒకప్పటి ఖోరా చర్చి, ఇప్పటి కరియే మసీదు. దాని పక్క ఆలయంలో, తూర్పు కొసన అర్ధగోళపు కప్పు మీద, ఆదాము హవ్వల మణికట్లు పట్టి సమాధుల్లోంచి లాగుతున్న క్రీస్తు తడిగచ్చు చిత్రం ఉంది.”