ముందు మూలమా, గమ్యమా?

ప్రశ్న: బెంగళూరు చెరువుల పటాలు తయారుచేసే చిన్న బృందంలో పనిచేస్తున్నాను. పటాల ఫైళ్లను మార్చే జీడాల్ అనే ప్రోగ్రాముల మూటను వాడుతున్నాం. అందులో చిత్రరూప పటాలను మార్చే జీడాల్_ట్రాన్స్‌లేట్‌కు ఇచ్చినట్లే, బిందువులు, గీతల రూపంలోని పటాలను మార్చే ఓజీఆర్2ఓజీఆర్‌కు కూడా ముందు మూల ఫైలు పేరును, తరువాత కొత్త ఫైలు పేరును ఇస్తే, ఫైలును తెరవలేకపోతున్నానని చెబుతోంది. ఫైలేమో కళ్లెదుటే ఉంది. ఒకే మూటలో వచ్చిన ప్రోగ్రాములకు ఇన్ని పద్ధతులు ఎందుకు?
– ఒక పాఠకురాలు, మారతహళ్లి, బెంగళూరు

జవాబు: మీ ఫైలులో దోషమేమీ లేదు. ఓజీఆర్2ఓజీఆర్ గమ్యాన్ని ముందు, మూలాన్ని తరువాత అడుగుతుంది కనుక, ఇంకా పుట్టని మీ కొత్త ఫైలును తెరవబోయి విఫలమైంది. ఒక విధంగా ఇది మీ అదృష్టమే. ఆ పేరుతో పాత ఫైలు ఒకటి ఉండి, ఉన్నదాన్ని చెరిపి రాయమనే -ఓవర్‌రైట్‌ను కూడా మీరు జోడించి ఉంటే, అసలు సమాచారమే పోయే ప్రమాదం ఉండేది.

హద్దుల దగ్గర చిక్కు ఇంకా ఎక్కువ. నగరాన్ని 77.45 – 77.80 డిగ్రీల తూర్పు రేఖాంశాలకు, 12.80 – 13.15 డిగ్రీల ఉత్తర అక్షాంశాలకు కత్తిరించాలనుకోండి. పటాన్ని మరో కొలమానానికి మలిచే జీడాల్‌వార్ప్‌లో హద్దులు చెప్పే -టీఈ అనే ఐచ్ఛికానికి 77.45 12.80 77.80 13.15 అని, అంటే నైరుతి మూల నుంచి ఈశాన్యానికి ఇవ్వాలి. జీడాల్_ట్రాన్స్‌లేట్‌లో అదే పని చేసే -ప్రోజ్‌విన్‌కు మాత్రం 77.45 13.15 77.80 12.80 అని, వాయవ్యం నుంచి ఆగ్నేయానికి ఇవ్వాలి. (వాస్తు పట్టింపు ఉన్న ఇళ్లలో పెరిగినవారికి ఈ మూలలు సులభంగానే గుర్తుంటాయి.) మొదటి క్రమం పటం గీసేవారి లెక్క, రెండవది, వరుసలను పైనుంచి కిందికి లెక్కించే చిత్రం లెక్క. -ప్రోజ్‌విన్‌కు మొదటి క్రమంలో ఇస్తే, కత్తిరించే భాగం ఎత్తు రుణసంఖ్యగా తేలి, ప్రోగ్రాం నిరాకరిస్తుంది.

1998లో ఫ్రాంక్ వార్మర్‌డామ్ మొదలుపెట్టిన ఈ పనిముట్లు ఒక్కసారిగా రూపొందినవి కావు. ఇప్పుడు పాత క్రమాన్ని సరిదిద్దితే, దానిని నమ్ముకుని ఏళ్ల తరబడి రాత్రిళ్లు తమంతట తామే నడుస్తున్న స్క్రిప్టులు (ఆదేశాల వరుసను రాసిపెట్టిన ఫైళ్లు) ఆగిపోతాయి. అందుకే 2025 మే నెలలో వచ్చిన జీడాల్ 3.11 కూర్పు, పాతవాటిని ముట్టుకోకుండా, వాటి పక్కనే ‘జీడాల్’ అనే ఒకే ఆదేశాన్ని ప్రవేశపెట్టింది. దాని కింద రాస్టర్ (చిత్రరూప పటాలకు), వెక్టర్ (బిందువులు, గీతల పటాలకు) అనే శాఖలుంటాయి. ఫైలు మార్పిడికి రెండింటిలోనూ మూలమే ముందు. కత్తిరింపుకు --బీబాక్స్ ఉంది; దానికి నైరుతి, ఈశాన్య మూలలను కామాలతో వేరుచేసి ఇవ్వాలి.

అయితే ఈ కొత్త రూపం తాత్కాలికమనీ, పేర్లూ ప్రవర్తనా మారవచ్చనీ ఆ కూర్పులో తయారీదారులే హెచ్చరించారు. కాబట్టి నడుస్తున్న పాత స్క్రిప్టులను కదపకండి. కొత్తగా రాసేవాటిని మాత్రం కొత్త రూపంలో రాసి, ఏ కూర్పుతో పరీక్షించారో ప్రతి స్క్రిప్టు మొదటి వరుసలో నమోదు చేయండి.