గుంటగలగరాకు నూనె: పాకం తెలిసేదెలా?

ప్రశ్న: కాలవ గట్టున దొరికే గుంటగలగరాకుతో కొబ్బరినూనె కాస్తున్నాను. కొన్నాళ్లకే ముక్కిన వాసన వస్తోంది, సీసా అడుగున పసరు చేరుతోంది. ఎక్కడ తేడా జరుగుతోంది?
– ఒక పాఠకురాలు, అంబాజీపేట

జవాబు: నూనెలో తడి మిగిలిపోతోందండీ. అడుగున చేరిన పసరే దానికి గుర్తు.

ముందు ఆకు సంగతి. కలుపుమందు కొట్టిన చేల గట్ల మీద ఆకు కోయకండి, ఎంత కడిగినా నమ్మలేం. తెల్లపూల మొక్కనే ఎంచుకోండి. కడిగాక బట్ట మీద పరిచి నీడన నీరు ఆరనివ్వాలి. తర్వాత నీళ్లు వీలైనంత తక్కువ పోసి రుబ్బి పసరు పిండాలి. అది చూస్తుండగానే నల్లబడుతుంది కాబట్టి వెంటనే నూనెలో కలపండి.

ఆయుర్వేదంలో సాధారణ కొలత నూనెకు నాలుగింతలు ద్రవం. ఇంట్లో మాత్రం అర లీటరు గానుగ నూనెకు అర లీటరు పసరు సరిపోతుంది. కాచే పనీ తగ్గుతుంది. నూనె ఆడించిన కొబ్బరి సరిగా ఎండనిదైతే మొదట్లోనే తడి చేరినట్టు, అదీ చూసుకోండి.

మందపాటి వెడల్పు గిన్నెలో సగానికి మించి పోయకండి, పొంగుతుంది. సన్నని సెగ మీద చెక్క గరిటెతో అడుగంటకుండా తిప్పుతూ ఉండాలి. మంట పెంచితే పైన తడి ఉండగానే అడుగున మడ్డి మాడుతుంది. చాలామంది పాడుచేసుకునేది ఇక్కడే.

చిటపటలు తగ్గాక కాస్త మడ్డి తీసి, చల్లారనిచ్చి వేళ్లతో నలపండి. జిగురుగా అంటుకుంటే ఇంకా పచ్చి. అంటకుండా వత్తిలా సాగితే అదే పాకం. ఇసుకలా గరగరలాడితే మాడింది. అనుమానముంటే మడ్డిని దూది వత్తికి రాసి, పొయ్యికి దూరంగా వెలిగించండి: చిటపటమంటే నీరుంది, నిశ్శబ్దంగా మండితే లేదు. పాకం వచ్చాక వెంటనే దించేయాలి, గిన్నె వేడికి ఇంకా ఉడుకుతుంది.

గోరువెచ్చగా ఉన్నప్పుడే పొడిబట్టలో వడకట్టండి. పూర్తిగా చల్లారాకే ఎండిన గాజుసీసాల్లో పోసి మూత పెట్టాలి. వేడిమీద మూత పెడితే ఆవిరి చెమ్మై మళ్లీ నూనెలోకే దిగుతుంది. మన డెల్టాలో వానాకాలం గాలిలోనే తేమ ఎక్కువ కాబట్టి చిన్న సీసాలే మేలు. తడిచేత్తో ముట్టుకోవద్దు.

ప్రశ్న: చలికాలంలో ఆ నూనె గడ్డకడుతోంది. చెడినట్టా?
– ఒక పాఠకుడు, భీమవరం

జవాబు: లేదండీ. కొబ్బరినూనె సుమారు 24 డిగ్రీల కంటే చల్లబడితే పేరుకుంటుంది. మూత బిగించిన సీసాను గోరువెచ్చని నీళ్లలో కాసేపు ఉంచండి. పొయ్యి మీద పెట్టకండి. వెడల్పు మూతి సీసాలో పోసుకుంటే పొడి చెంచాతోనే తీసుకోవచ్చు.